సాక్షులు దొరికిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక దొంగతనం జరుగుతుంది. దొంగలకు సరుకు ఎత్తిపెట్టి, చివరికి చేతులెత్తి దండం కూడా పెట్టిన మహాతల్లిని నేనే. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి.

బంగారు గనులు మూతపడ్డాక ఊరిగాంలోని మా ఇంటికి వచ్చిన మొదటి జీతం నాదే. గని ఆఫీసులో గుమాస్తాగిరీ పోయి ఇంట్లో కూర్చున్న మా నాన్న, నేను ఫారెస్టు గార్డునయ్యానని వీధంతా మైసూరుపాకు పంచాడు. ఉద్యోగం ఖాయం కావాలంటే రెండేళ్ళు మచ్చ లేకుండా గడవాలి. ఇంకా మూడు వారాలే మిగిలాయి. ఈలోగా ఒక్క కేసైనా పట్టి రేంజరుగారి చేత శభాష్ అనిపించుకోవాలని నాకు దురద పుట్టింది.

ఒక ఉదయం ఆవని దగ్గర గుట్ట వెనక, తుప్పల్లో దాచిన శ్రీగంధం దుంగలు కనబడ్డాయి. ఎగిరి గంతేశాను. కానీ మా చట్టం గంతులకు లొంగదు. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో మహజరు రాయాలి, దాని మీద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రాగి చేలో కలుపు తీస్తున్న ముసలాయన దగ్గరికి పోయాను.

"తాతా, ఒక్క సంతకం పెట్టు."

"నాకు కండ్లు కనపడవమ్మా."

"మరి అంత దూరం నుంచి నన్ను చూసి పారిపోబోయినావే?"

"మనుషులు కనపడతారులే. కాగితమే కనపడదు. మా తమ్ముడు ఇట్లే ఒక సంతకం పెట్టినాడు, కోర్టుకి తిరిగి తిరిగి వాని చెప్పులు అరిగిపోయినాయి. ఇంగ గంధం నరికినోళ్ళు ఊరికే ఉంటారా? నన్ను ఇడిసిపెట్టు తల్లీ."

ఆవును తోలుకెళ్తున్న ఒకామెను అడిగాను. "ఇంట్లో ఆవు ఈనుతా ఉండాదమ్మా" అని ఉరికింది. ఆ ఇంటికున్న ఒక్క ఆవూ ఆమె ముందే నడుస్తోంది.

అప్పుడు దేవుడు పంపినట్టు ఒక టెంపో వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కాలతో ఇద్దరు దిగారు.

"ఏం మేడమ్, ఒక్కరే ఉండారే?"

నా కష్టం చెప్పుకున్నాను.

"ఇంతేనా? పెన్ను ఇయ్యండి. యాడ పెట్టాల?"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడగకముందే పెట్టేశారు, తండ్రి పేరూ ఊరి పేరూ సహా. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఈ మోపెడ్ మీద ఇంత సరుకు ఎట్ల తీసుకుపోతారు? టెంపోలో ఏద్దాం. ముళబాగిలు ఆఫీసులో దించేస్తాం."

"మీకెందుకండీ శ్రమ?"

"అడవి అందరిదీ కాదా మేడమ్!"

నడుం విరిగేలా నేనే దుంగలు ఎత్తాను. అన్నీ అయ్యాయనుకుంటుంటే రెండోవాడు, "ఆ పొదలో ఇంగొకటి ఉండాది" అన్నాడు. ఎంత చురుకైన చూపో అని మెచ్చుకున్నాను.

"దావలో ఎవరన్నా ఆపితే?" అన్నాడు మొదటివాడు.

అదీ నిజమే! 'ఇది సర్కారు సొత్తు, ఎవరూ ఆపరాదు' అని చీటీ రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. దొంగ చేతికి తాళాలు ఇచ్చినవాళ్ళ గురించి మీరు విని ఉంటారు. నేను తాళాలతో పాటు సిఫారసు ఉత్తరం కూడా ఇచ్చాను. దండం పెట్టి, శుభవార్త చెప్పడానికి వాళ్ళకంటే ముందే ఆఫీసుకు బయలుదేరాను.

రేంజరుగారు పొంగిపోయి ఫోటోగ్రాఫరును పిలిపించారు. గంట గడిచింది, రెండు టీలు అయ్యాయి. టెంపో రాలేదు. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు నుంచి ఫోను మాత్రం వచ్చింది.

"సార్, మీ గార్డమ్మ చీటీ చూపించినారు. సెల్యూట్ కొట్టి గేటు ఎత్తినాము. ఈపాటికి పలమనేరు దాటుంటారు."

రేంజరుగారు ఫోను పెట్టి నా వైపు తిరిగారు.

"సరుకు ఎత్తింది ఎవురు?"

"నేనే సార్."

"చీటీ రాసింది?"

"నేనే సార్. కానీ సాక్షుల సంతకాలు గట్టిగా ఉండాయి సార్" అంటూ మహజరు చాచాను.

ఆయన చదివారు. సాక్షులు రాసిన పేరు గల ఊరు మా తాలూకాలోనే లేదట.

"ఇన్నేండ్ల సర్వీసులో, దొంగలే వచ్చి ఇష్టంగా సంతకం పెట్టిన మహజరు ఇదే మొదలమ్మా. ఫ్రేము కట్టించి పెట్టుకో."

ఉద్యోగం ఖాయం కావడం ఇంకో ఏడాది వెనక్కి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను చూసి పారిపోయిన తాత మీద మాత్రం కోపం పోయింది. పాపం, భయపడేది నిజాయితీపరుడే.

ఆ రోజే గుట్ట దగ్గరికి తిరిగి వెళ్ళి, నరికేసిన గంధపు చెట్టు మొద్దు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: సాక్ష్యం అనగానే పారిపోయేవాణ్ణే ఇకమీద నమ్ముతాను. నవ్వుతూ పెన్ను అడిగేవాడు ఎదురైతే, ముందు వాడి టెంపో తాళం లాక్కుని, ఆ తర్వాతే నమస్కారం పెడతాను.