కురుమయ్యకు అర్థం కాని పాఠాలు

మా కురుమయ్యకు ఏ పాఠమూ ఒక్కసారి చెబితే అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదని చెప్పడానికి అతనికి రవ్వంత సిగ్గు కూడా ఉండేది కాదు. సారు పాఠం ముగించి చేతుల మీది సుద్దపొడి దులుపుకుంటుండగా, ఆరడుగుల మనిషి గొంగడి సర్దుకుని లేచి నిలబడేవాడు.

"సార్, నాకు సమజ్ గాలె. జర మల్ల చెప్పుండ్రి."

ఇది 1961 సంగతి. నల్గొండలో ఉపాధ్యాయ శిక్షణకు చేరిన నలభై మందిలో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. కురుమయ్యది మహబూబ్‌నగర్ జిల్లా కోస్గి దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. నేను హాలియా పక్క ఊళ్లో అప్పటికే ఆరేళ్లుగా పంతులును, కాకపోతే శిక్షణ లేని పంతులును. ఈ ఏడు పరీక్ష తప్పితే కొలువు ఉండదని నాకు కాగితం వచ్చింది. తక్కినవి ఎలాగో గట్టెక్కుతాననే ధైర్యం ఉంది. నన్ను వణికించింది విద్యా మనోవిజ్ఞానం ఒక్కటే.

నేను చదువుకున్నది నిజాం జమానాలో, ఉర్దూలో. పిల్లలకు అక్షరాలూ ఎక్కాలూ చెప్పే తెలుగు నాకు వచ్చు. ఆ పాఠం చెప్పే రఘుపతి సారు "ఉద్దీపన, ప్రతిస్పందన, నిబంధనం" అంటుంటే మాత్రం పెళ్లిలో అయ్యగారు మంత్రం చదివినట్టే ఉండేది. ఆరేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నలుగురిలో లేచి తెలియదని ఎలా అంటాను? అందుకని అంతా తెలిసినవాడిలా కూర్చునేవాణ్ని. కురుమయ్య లేచినప్పుడు అందరికంటే ముందు నవ్వేది నేనే. సారు రెండోసారి తేలిక మాటల్లో చెబితే గబగబా రాసుకునేదీ నేనే.

ఒకరోజు కుక్క పాఠం వచ్చింది. గంట కొట్టి కూడు పెట్టగా పెట్టగా, కొన్నాళ్లకు ఉత్త గంట విన్నా కుక్కకు నోరూరుతుందట. సారు రెండుసార్లు చెప్పారు. కురుమయ్య మళ్లీ లేచాడు.

"ఇంకా ఏం అర్థం కాలేదయ్యా?"

"కుక్క సమజైంది సార్. గంట గుడ సమజైంది. రెంటి నడుమ ఏమైందో గదే ఎక్కలె."

తరగతి గొల్లుమంది. సారు పళ్లు కొరుకుతూ నల్లబల్ల మీద కుక్క బొమ్మ గీశారు. అది మేకలా వచ్చింది.

"మేకకు గుడ గిట్లనే అయితదా సార్?"

సారు కాసేపు కళ్లు మూసుకుని, మూడోసారి మొదలుపెట్టారు. ఆ మూడోసారికి నాకు పాఠం పూర్తిగా ఎక్కింది.

ఆ సాయంత్రం హాస్టలు వంటింటి ముందు నుంచి పోతుంటే కురుమయ్య గొంతు వినిపించింది. వంట చేసే భద్రమ్మతో మాట్లాడుతున్నాడు.

"మా బాపు గొర్లకు ఉప్పు పెట్టేటప్పుడు డబ్బ కొడ్తడు అవ్వా. ఇప్పుడు ఉప్పు లేకున్నా, డబ్బ సప్పుడైతె సాలు, ఉరికొస్తయి. గియ్యాల్టి పాఠం గంతే."

"ఓస్, గింతేనా! దీనికి సర్కారు జీతమిచ్చి చెప్పియ్యాల్నా?"

నేను అక్కడే ఆగిపోయాను. పొద్దున మూడుసార్లు చెప్పినా ఎక్కనిది పొయ్యి దగ్గర ఎలా ఎక్కింది? నిలదీస్తే కురుమయ్య నవ్వేశాడు.

"బువ్వ వాసనకు తెలివి లేస్తది అన్నా."

ఆ జవాబు నాకు ఆనలేదు. వారం రోజులు అతన్నే గమనించాను. ఏమీ అంతుపట్టలేదు.

పరీక్షలు నెల రోజుల్లోకి వచ్చాయి. సారుకు పాఠాలు మిగిలిపోయాయి, ఓపిక మిగల్లేదు. కురుమయ్య లేవగానే "బయటికి నడు!" అన్నారు. అతను బుద్ధిగా వెళ్లిపోయాడు. పాఠం ముందుకు సాగింది. నాకు ఒక్క ముక్క ఎక్కడం లేదు. అంతలో కిటికీలో తలకాయ లేచింది.

"సార్, ఈడికి సగమే ఇనొచ్చింది. జర మల్ల చెప్పుండ్రి."

సారు సుద్దముక్క విసిరారు. అది తగలకపోయేసరికి ఆయనకే నవ్వొచ్చింది. మళ్లీ చెప్పారు.

వేసవిలో మార్కులు తెలుసుకోవడానికి అందరం మళ్లీ నల్గొండ వచ్చాం. మనోవిజ్ఞానంలో నాకు ముప్పై ఏడు. ముప్పై ఐదు వస్తే చాలు, కొలువు నిలిచింది. అదే పేపరులో అందరికంటే ఎక్కువ మార్కులు కురుమయ్యకు! రఘుపతి సారు అతన్ని పట్టుకున్నారు.

"ఏడాదంతా నా గొంతు ఎండగొట్టావు కదయ్యా! ఇంతకీ నీకు అర్థం కానిదేమిటి?"

కురుమయ్య తల గోక్కున్నాడు. "గొర్లు కాసెటోడు ముంగట ఉరికేదాన్ని సూడడు సార్. ఎనుక ఏది ఆగిందో సూస్తడు."

బయటికి రాగానే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎనుక ఆగిందెవరు?"

"నువ్వే అన్నా. సమజైనోడు అప్పుడప్పుడు తలూపుతడు. నువ్ సారు దగ్గినా గుడ ఊపుతుంటివి."

"తెలిస్తే నాకొక్కనికే చెప్పకపోయినవా? అందరితోని ఎందుకు నవ్విచ్చుకున్నవ్?"

"పెద్దోనివి, పంతులువి. నేను చెప్పనీకొస్తె నీకు చిన్నతనమైతుండె. నన్ను నవ్వితె నాకేం పోయిందన్నా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. అందరికంటే ముందు నవ్విన నోరు కదా ఇది. ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కూడా కలిగింది. బస్టాండు దాకా కలిసి నడిచాం. మహబూబ్‌నగర్ బస్సు కదలబోతోంది. అతను ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"తమ్మీ, పరీక్షల మూడో ప్రశ్న ఏమడిగిండ్రో నాకు ఇప్పటికీ తెల్వలే" అన్నాను. తెలియదని నేను ఒక మనిషితో పైకి అనడం అదే మొదటిసారి.

కురుమయ్య కాలు కిందికి దించాడు. బస్సును పోనిచ్చి, బస్టాండు అరుగు మీద కూర్చుని తన పక్కన నాకు జాగా చేశాడు.