పసుపే, భయం లేదు

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తెలిసింది, మా పక్క క్వార్టరు నర్సత్త పోయిందని. ఆవిడ మాకు చుట్టం కాదు. కలకత్తాకు గంగ అవతల, లిలువా రైల్వే క్వార్టర్లలో రెండిళ్లకూ ఒకే గోడ, అంతే బంధుత్వం. అయినా నా కళ్లు ఇంకా తడారలేదు.

ఎవరింటికి వెళ్లినా ఆవిడ మొదటి మాట, "తిన్నారేటి?" నాన్నకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ సూది వెయ్యడం అమ్మకు నేర్పింది ఆవిడే. "మెతుకు లోనికెళ్లకుండా సూది ఒంట్లోకెళ్లకూడదొదినా" అని వందసార్లు చెప్పి ఉంటుంది. అమ్మ విసుక్కునేది. నేనైతే వెనక నవ్వేదాన్ని కూడా.

నాన్న చూపు మసకబారినప్పుడు, ఆవిడ పనిచేసే కలకత్తా కంటి ఆసుపత్రిలోనే చేతి నరంలోకి రంగు ఎక్కించి కంటి లోపల ఫోటోలు తీశారు. రంగూ ఇన్సులినూ ఒంట్లో కొట్టుకుంటాయని నాన్న పనిచేసే వర్క్‌షాపులో ఒక బెంగాలీ దాదా, పెద్దాయన, భయపెట్టాడట. ఆ పొద్దున సూదీ వద్దు, తిండీ వద్దని నాన్న మొండికేశారు. అత్త ముందే డాక్టరుగారిని అడిగి వచ్చింది. "ఎప్పటి సూది అప్పుడే, ఎప్పటి తిండి అప్పుడే అన్నారన్నయ్యా. ఆ రంగు దారి దానిదే" అంది.

తిరిగి వచ్చేటప్పుడు స్టీమరులో గంగ దాటుతుంటే నాన్న ముఖం, అరచేతులు పసుపు పూసినట్టున్నాయి. సాయంత్రపు నీళ్లదీ అదే రంగు. కంట్లో వేసిన చుక్కలకు అంతా వెలుగే కనిపిస్తోందని, ఆయన నిద్రలో ఉన్న మనిషిలా నా చెయ్యి పట్టుకుని నడిచారు.

ఇంటికి రాగానే అమ్మ అలవాటుగా గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాన్న మూత్రం చుక్కలు కలిపి కాచింది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, పసుపుకీ ఎరుపుకీ తిరిగేకొద్దీ ఎక్కువున్నట్టు. ఆ రోజు పసుపు మెరిసింది. అమ్మ చక్కెర పెరిగిపోయిందనుకుని, సూదిలోకి రోజూకంటే ఎక్కువ మందు లాగింది.

డ్యూటీ చీరతోనే వచ్చిన అత్త ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఏటి చేస్తన్నావొదినా! అంత మందేస్తే మనిషి పడిపోతాడు!"

నీలం మందు కలపకుండా ఒట్టి మూత్రాన్ని ఇంకో గొట్టంలో పోసి, రెండూ కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది. రెండూ పసుపే.

"ఇది చక్కెర కాదు, పొద్దున్న ఎక్కించిన రంగు. అది పోయేదాకా ఈ గొట్టాన్ని నమ్మకు. రోజూ ఏసే సూదే ఎయ్యి. పసుపే, భయం లేదు."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. అత్త మాత్రం నాన్న వైపు తిరిగి, "తిన్నావేటన్నయ్యా?" అంది.

సోమవారం సమాధుల దొడ్డిలో, అత్త పెట్టె మీది బంతిపూలను నాన్న వేళ్లతో తడిమారు. ఇప్పుడాయనకు చూపు దాదాపు లేదు.

"ఏ రంగువే అమ్మీ?"

"పసుపే నాన్నా."

నాన్న ఒక పువ్వును వేళ్ల మధ్య మెల్లగా నలిపారు.

"అయితే భయం లేదు" అన్నారు. ఇంటికి వచ్చాక చూశాను, ఆయన వేళ్లకు ఇంకా పుప్పొడి అంటుకుని ఉంది.