గడ్డమున్న సవతి

పోలీసు చర్య తరువాత తాండూరులో తెలివైనవాళ్ళంతా ఏదో ఒకటి ఏరుకున్నారు. కొందరు భూములు ఏరుకున్నారు, కొందరు పదవులు. ఏమీ దొరకనివాళ్ళు ఖద్దరు టోపీలు ఏరుకున్నారు. మా వాడలో గొంగళ్ళు నేసి అమ్మే జంగప్ప మాత్రం కల్దారు రూపాయలు ఏరుకున్నాడు.

కల్దారు అంటే ఇంగ్లీషు రాజు బొమ్మో రాణి బొమ్మో ఉన్న వెండి రూపాయి. నిజాం కాలంలో మాకు చలామణి అయ్యేది హాలీ సిక్కా. కల్దారు దూరపు చుట్టంలా అప్పుడప్పుడు సంతకు వచ్చిపోయేది. హాలీ మూలబడి నయాపైసలు వచ్చాక జనం మూటలు విప్పి పాత వెండిని బయటికి తీశారు. అలాంటి రూపాయి చేతికిస్తే జంగప్ప గొంగడిని సగం ధరకు ఇచ్చేసేవాడు. ఇదేం వ్యాపారమని అడిగితే, "గొంగడి మల్ల నేస్త. రాణిని నేస్తనా?" అనేవాడు.

అంకెలు తప్ప ఆయనకు అక్షరాలు రావు. అయినా నాణేలకు సొంతంగా తరగతులు కట్టాడు. గీత పడకుండా మెరిసేది పెండ్లిపిల్ల. కొంచెం నలిగింది బాలింత. ముక్కూ చెవీ అరిగితే అత్త. ముఖం చెరిగిపోతే అవ్వ. రూపాయిని వెలుగుకు వాలుగా పట్టి, ఒక కన్ను మూసి, పిల్లను చూడవచ్చిన మగపెళ్ళివారి పెద్దలాగా తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పును దేవుడొచ్చి బతిమాలినా మార్చేవాడు కాదు.

"నన్ను ఏ వరుసల పెట్టినవ్?" అని ఆయన భార్య నాగవ్వ ఒకరోజు అందరి ముందూ అడిగింది.

"నువ్వింక చలామణిల ఉన్నవే. గిది బందైనోళ్ళ లెక్క" అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం ఆలస్యంగా దొరికింది.

నాగవ్వ రెండో భార్య. మొదటి భార్య బుగ్గమ్మ జ్వరంతో పోయింది. అలా పోయినావిడ పేర రెండో భార్య మెడలో వెండి బిళ్ళ వేసుకోవాలి. బిళ్ళ మీద ఆవిడ ముఖం ఉంటుంది. శుక్రవారం కడిగి పసుపు కుంకుమ పెడితే ఆవిడ శాంతించి కొత్త సంసారాన్ని చల్లగా చూస్తుందని నమ్మకం. అయితే నాగవ్వ పెళ్ళి రజాకార్ల గడబిడలో, నలభై ఎనిమిదిలో జరిగింది. కంసాలి దుకాణం మూసి ఎటో పోయాడు. ముహూర్తం ఆగదు. ఎవరో గీత పడని కల్దారు ఒకటి ఇస్తే దాని చుట్టూ నూలుదారంతో వల అల్లి పెళ్ళికూతురి మెడలో వేశారు. ఆ రూపాయి మీద ఉన్నది జార్జి రాజు. కిరీటం, మీసం, గుబురు గడ్డం. ఆ రోజు నుంచి ఆయనే బుగ్గమ్మ.

పదేళ్ళు ఎవరికీ ఇబ్బంది లేకుండా గడిచాయి. అప్పుడు బాల్‌రాజ్ అనే హైదరాబాదు వకీలు గాలి మార్పు కోసం వికారాబాదు వచ్చి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. గొంగడి కోసం తాండూరు సంతకు వచ్చి, జంగప్ప డబ్బాలోని రూపాయలు చూసి అక్కడే కూలబడ్డాడు. ఆయనకూ అదే పిచ్చి.

"అన్నీ ఉన్నాయి గాని జంగప్పా, పంది రూపాయి లేదు" అన్నాడు చివరికి. "పంతొమ్మిది వందల పదకొండుది. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కబోతే అది పందిలా వచ్చింది. జనం గొడవ చేస్తే సర్కారు చాలామటుకు కరగబెట్టింది. ముఖం చెడకుండా ఉంటే యాభై ఇస్తా."

యాభై అంటే రెండు పొట్టేళ్ళు. జంగప్ప ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న భార్య మెడ దగ్గర వంగి, ఒక కన్ను మూసి చూడసాగాడు.

"పదేండ్ల సంసారంల ఎన్నడన్న గిట్ల చూసినవా? పట్టపగలు నీకేం పుట్టింది?" అంటూ నాగవ్వ చేటతో కొట్టింది. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. జంగప్ప దెబ్బను లెక్కచేయలేదు. పదకొండు ఉంది. పంది ఉంది.

సంగతి విన్నాక నాగవ్వ, "అక్కను అమ్ముకుంటవా?" అంది. "రేపు నా పిల్లలకేమన్నయితే ఎవలను మొక్కాలె?"

"వేరే రూపాయి తెస్త. రాణిది. గడ్డం గూడ ఉండది."

"అక్క గిండ్లనే ఉంది. గడ్డమున్నా మా అక్కే."

ఆనాటి నుంచి జంగప్పకు శుక్రవారం గండమైంది. నాగవ్వ చింతపండూ బూడిదా వేసి రూపాయిని తోముతుంటే పొట్టేళ్ళ ఊలు రాలిపోతున్నట్టు విలవిల్లాడేవాడు. అడిగి అడిగి ఆమెను ఒక మాటకు ఒప్పించాడు: "చూపిస్త గని అమ్మ." నోట్లు కంటపడితే మెత్తబడుతుందని ఆయన ఆశ.

వాళ్ళిద్దరూ ఎక్కిన వికారాబాదు బండిలో నేనూ ఉన్నాను. ఒక గుమాస్తా ఉద్యోగం ఖాళీ ఉందంటే పోతున్నాను. అది అంతకుముందే ఎవరి మేనల్లుడికో అయిపోయిందని అక్కడ తెలిసింది. పొద్దంతా పని లేక జంగప్ప మామ వెంట వకీలు ఇంటికి వెళ్ళాను.

"బిళ్ళ తీసియ్యమ్మా" అన్నాడు వకీలు భూతద్దం పట్టుకుని.

"మా మనిషి బతికున్నంత కాలం తియ్య. దగ్గరికి రాకుండ్రి వకీల్ సాబ్. గాడనే ఉండి చూడుండ్రి."

చివరికి భూతద్దం జంగప్ప చేతికి వచ్చింది. వకీలు కుర్చీలో కూర్చుని కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగాడు.

"ముక్కు?"

"ఉంది."

"చెవి?"

"ఉంది."

"కిరీటం మీద రాళ్ళు?"

జంగప్ప చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్తే పొట్టేళ్ళు, నిజం చెప్తే తీర్పు.

"అరిగినయ్" అన్నాడు ఏడుపు గొంతుతో. "తోముడు గీతలున్నయ్. బాలింతకు కింద, అత్తకు మీద."

"కడిగిన రూపాయి. ఐదుకు మించి ఇవ్వలేను" అన్నాడు వకీలు.

జంగప్ప తల వాల్చాడు. నాగవ్వ తల ఎత్తింది.

"ఐదా? మా అక్క అంటే ఏమనుకున్నరు? ఆమె నేసిన గొంగడిల వాన చుక్క దిగకపోయేది. వాడకట్టుల ఆమె అసొంటి మనిషి లేదు."

"అదెన్నడు నేసిందే?" అన్నాడు జంగప్ప తెల్లబోయి.

"నువ్వు నోర్మూయ్. వకీల్ సాబ్, ఐదు రూపాయలకు మేక చెవి గూడ రాదు."

వకీలు పది అన్నాడు. నాగవ్వ బుగ్గమ్మ అందం చెప్పింది. ఇరవై అన్నాడు. బుగ్గమ్మ ఓర్పు చెప్పింది. తన కళ్ళతో ఎన్నడూ చూడని మనిషిని ఆమె అంతలా పొగుడుతుంటే, చూసిన జంగప్ప తన మొదటి సంసారం గురించి ఇప్పుడే వింటున్నట్టు నోరు తెరిచాడు. వకీలు దగ్గర కూడా ఆ పంది రూపాయి లేదు. ఆ సంగతి నాగవ్వ ఆయన కళ్ళల్లో ఎప్పుడో కనిపెట్టింది.

"నలభై! ఇక పైసా ఎక్కువ లేదు" అంటూ వకీలు జేబులోంచి నోట్లు తీశాడు.

నాగవ్వ కొంగు సర్దుకుని లేచింది. "గా మాట ముందే అనొచ్చు గద. ఇగ పా, బండి టైమైతుంది."

వకీలు చేతిలో నోట్లు అలాగే ఉన్నాయి. మేము వీధిలో ఉన్నాం.

బండి కదిలాక జంగప్ప ఆమె వైపు తిరిగాడు. "అమ్మనిదానికి బేరమెందుకే?"

"ఐదు రూపాయల సవతిని మెడలేసుకుంటే నాకు నామోషి గాదా?"

"రెండు పొట్టేళ్ళు పోయినయ్."

"నీ డబ్బల రాజులు, రాణులు మస్తుమంది ఉన్నరు. నీకంత ఫికరుంటే వాళ్ళను అమ్ము."

జంగప్ప కిటికీలోంచి కంది చేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ధారూరులో ఎక్కిన ఒకావిడ మెడలోని బిళ్ళ ఏమిటని అడిగితే, నాగవ్వ వకీలు యాభై ఇస్తానన్నాడని చెప్పింది. తరువాతి స్టేషనులో ఎక్కినవాళ్ళకు డెబ్బై అని చెప్పింది. జంగప్ప చెవులు మూసుకోలేదు గాని ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.

తాండూరులో దిగేసరికి కబురు మాకంటే ముందు దిగింది. బండి తోలే హన్మయ్య ఎదురొచ్చాడు. "నిజమేనా జంగన్నా? మా వదినె మెడల డెబ్బై రూపాయల బిళ్ళ ఉందట గద?"

జంగప్ప ఆగాడు. నాగవ్వ ముందు నడుస్తోంది, మెడ నిటారుగా పెట్టుకుని. ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, హన్మయ్య మీద గయ్యిమన్నాడు.

"డెబ్బయ్యా? ఎవడన్నడు? నూరుకు తక్కువైతే నేనే ఇయ్య."