పడాక్ పొట్టు, కొబ్బరినూనె

సునామీ వచ్చిన మరుసటి ఫిబ్రవరిలో, ఈ దీవుల్లో ప్రోతరాపూర్ దగ్గరి ఒక సామిల్లులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా చేరాను. ఇళ్లు పోయినవారి తాత్కాలిక గుడిసెలకు చెక్క కోయడమే అప్పటి పని. వానలు పడేలోగా పలకలు ఫీనిక్స్ బే రేవు చేరి ఓడెక్కాలి. ఆ నెలల్లో మిల్లులో నవ్విన మనిషిని నేను చూడలేదు.

నా బాధ్యత బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద తిరిగే పొడవాటి రంపం. దానికి ఏ కందెన వేస్తే ఏమిటని బయటివారు అనుకుంటారు. చక్రాల బేరింగులు మూసి ఉంటాయి కనుక వాటికి చిక్కటి గ్రీజు చాలు. చిక్కంతా పైగైడ్‌తోనే. బ్లేడును పక్కకు పోనీయకుండా పట్టి ఉంచే ఆ గైడ్ ఒక ఇనుప కమ్మీ మీద పైకీ కిందికీ జారుతుంది. దాన్ని సరిగ్గా దుంగ మీదికి దించి కోయాలి. దించకపోతే దుంగకు పైన బ్లేడు పళ్లు ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంటాయి. కమ్మీకి నూనె రాశామా, మేము కోసే పడాక్ కలప ఎర్రటి పొట్టు వచ్చి నలుగుపిండి ముద్దలా పట్టేస్తుంది. అందుకే పొడి కందెన ఎంచాను: గ్రాఫైట్, పెన్సిల్‌లో ఉండే నల్లపొడి. దానికి పొట్టు అంటదు.

అయితే అది తుప్పును ఆపదు. మేము కోస్తున్నవి సముద్రపు నీట నానిన దుంగలు, పొట్టు నిండా ఉప్పే. రోజూ మిషన్ ఆపి, కమ్మీ గీకి తుడిచి, మళ్లీ పొడి అద్దాలి. ఈ ఆపడమే రంపం నడిపే హెడ్ సాయర్ సింహాచలానికి గిట్టలేదు.

అతనిది తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. కూతురిని దక్షిణాన ఇంకో దీవిలోని హట్ బేలో ఇచ్చాడు. అల్లుణ్ణి అల తీసుకుపోయింది. భర్త శవమైనా దొరుకుతుందేమోనని ఆ పిల్ల చంటిబిడ్డతో అక్కడే టార్పాలిన్ కింద కూర్చుంది. ఎవరు బతిమాలినా కదల్లేదు.

“బారిష్ వచ్చేత్తాది సార్. తిర్పాల్ ఆగుద్దా? మీరేమో రోజూ మిషన్ బంద్ అంటారు,” అన్నాడు సింహాచలం.

గైడ్ దిగకపోతే చెయ్యి పోతుందని కసిరాను.

“చెయ్యి నాది సార్. ఇల్లు దానిది,” అన్నాడు.

ఒకరోజు బేరింగుల కోసం నేను అబర్డీన్ బజార్ వెళ్లాను. కమ్మీ కీచుమంటోందని అతను ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినూనె పోశాడు. ఈ దీవుల్లో తలకైనా తలుపు బందుకైనా అదే మందు. పొద్దున గైడ్ వెన్నలా జారిందట. మధ్యాహ్నానికి ముద్దకట్టి పైనే బిగుసుకుంది. ఆపి తుడవాలి. తుడవకుండా సన్న దుంగ ఎక్కించాడు. దుంగ ఎగిరింది, కుడిచెయ్యి అడ్డులేని బ్లేడు మీద పడింది.

నేను వచ్చేసరికి మిషన్ ఆగి ఉంది. పడాక్ పొట్టు ఎరుపే కనుక నేల మీద ఏది పొట్టో, ఏది కాదో తెలియలేదు. నాలుగు వేళ్లు పోయాయి.

ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి తిట్టాను. నాకు ఏడుపొస్తే తిట్టడమే వచ్చు. అంతా విని, “లోడ్ ఓడెక్కిందా సార్?” అని అడిగాడు. ఎక్కిందన్నాను. అది హట్ బేకి కాక వేరే దీవికి పోయింది. ఏ లోడ్ ఎటు పోవాలో ఆఫీసువాళ్లు చెప్పేవారు, మా చేతిలో లేదు. ఆ మాట అతనికి చెప్పలేదు.

వారం తిరక్కుండా కూతురు బిడ్డనెత్తుకుని ఓడ దిగింది. తండ్రికి అన్నం కలిపి నోట్లో పెట్టాలి కదా. మళ్లీ హట్ బే వెళ్లలేదు.

దుమ్ములో నడిచే జారుడు భాగాలకు పొడి కందెనే మేలు. ఇన్నేళ్లలో ఆ మాట మార్చుకోలేదు. కానీ అది పనిచేయాలంటే రోజూ మిషన్ ఆగాలి. ఆగే తీరిక నడిపే మనిషికి ఉందో లేదో కందెన డబ్బా కొనకముందే చూసుకోవాలి. సింహాచలానికి లేదు.