బొట్టు పెట్టి పిలిచిన ఆడియన్స్

మొన్న ఆదివారం మా ఇంట్లో జరిగిన షూటింగ్ సంగతి చెప్తాను, వినండి. మొహమాటపడకుండా అరటిపండ్లు తినండి. ఆ షూటింగ్‌లో మిగిలినవే ఇవి!

కాలేజీలో మాకు వీడియో ప్రాజెక్ట్ ఇచ్చారు. మా సర్ బెంగాలీ ఆయనే గానీ, ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళ మధ్యే పుట్టి పెరిగినవారు కదా, తెలుగు మనలాగే మాట్లాడతారు. "కెమెరా తర్వాత. వీడియో ఎవరి కోసం, ఖర్చెంత, ముందు ఈ రెండూ తేల్చుకు రండి" అన్నారు. పోయినసారి నా వీడియోలో ఒక్క మాటా వినపడలేదని ఫెయిల్ చేసేశారు. ఈసారి కూడా పోతే నా ఏడాది పోయినట్టే.

అందుకే నేనూ, నా ఫ్రెండ్ మౌమితా కూర్చుని పక్కాగా ప్లాన్ వేశాం. టాపిక్: తక్కువ ఖర్చులో ఇంట్లో ఫంక్షన్ చేసుకోవడం ఎలా? ఆడియన్స్: మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్స్‌లోని తెలుగు ఆడవాళ్ళు. బారసాలకి కూడా అప్పు చేసి ఊరందరినీ పిలిచేది వాళ్ళే కదా! బడ్జెట్: ఇద్దరం వేసుకున్న డబ్బులు మొత్తం ఒక మంచి మైక్ అద్దెకి. అంతే, ఇంకో పైసా ఖర్చు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డబ్బులు నా దగ్గరుంటే ఫుచ్‌కా బండి దగ్గర పానీపూరీలకే కరిగిపోతాయని అమ్మకిచ్చి దాచమన్నాను. అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది!

"అమ్మా, ఆదివారం మనింట్లోనే షూటింగ్. ఈ వీడియో మన లైన్లో ఆడోళ్ళ కోసమే. ముందే అందరికీ ఓ మాట సెప్పి ఉంచు. తీసినాక ఫోన్లో పంపిస్తాను, సూస్తారు" అన్నాను.

"అలగేలే, సెప్తాను" అంది అమ్మ.

ఆదివారం పొద్దున్నే మౌమితా కెమెరా పట్టుకుని దిగింది. మైక్ తెచ్చుకుందామని వంటింట్లోకెళ్ళి డబ్బులడిగాను.

"ఇంకెక్కడి డబ్బులే? అయిపోనాయి!" అంది అమ్మ, శనగలకి పోపు పెడుతూ.

అటు చూస్తే బుట్టల్లో అరటిపండ్లు, తమలపాకులు, జాకెట్టు ముక్కలు!

"ఇయన్నీ ఎవులికమ్మా?"

"ఇంకెవులికి? నీ ఆడియన్సుకే! నువ్వే గదే సెప్పమన్నావు. ఆడోళ్ళకి ఉత్తినే ఎలగ సెప్తానే? ఇంటింటికీ ఎల్లి బొట్టెట్టి సెప్పినాను. బొట్టెట్టినాక రాకుండా ఉంటారేటి? ఒచ్చినోళ్ళని ఉత్త సేతుల్తో పంపిస్తామేటి?"

ఎంత వెతికినా ఆవిడ మాటలో తప్పు దొరకలేదు!

"మరి నా మైకో?" అన్నాను ఏడుపు గొంతుతో.

"అందరూ ఎదురుగానే కూకుంటారు కదే. మైకెందుకు? గట్టిగా మాటాడు!"

ఇంతలోనే ఒక్కొక్కరే దిగారు. పట్టుచీరలు, తలనిండా పూలు! ముందుగది నిండి, వరండా నిండింది. మౌమితా బిత్తరపోయి "ఏ కీ రే! బియే బాడీ నాకి?" అంది. పెళ్ళిల్లు కాదే తల్లీ, షూటింగే అని దణ్ణం పెట్టాను.

చేసేదేముంది? కెమెరాకి ఉన్న మైకే గతి అనుకుని మొదలుపెట్టాం. "చిన్న ఫంక్షన్లకి అందరినీ పిలవక్కర్లేదు" అన్నానో లేదో, పక్క క్వార్టర్ పైడమ్మత్త అందుకుంది.

"ఓలమ్మా, పిల్ల ఎంత బాగా మాటాడతందో! ఇంతకీ ఈ పేరంటం దేనికి ఒదినా? పిల్లకి సమ్మందం కుదిరిందేటి?"

అయిపోయింది! గదంతా ఒకటే గోల. అబ్బాయి రైల్వేలో ఏ డిపార్ట్‌మెంట్, వర్క్‌షాపులో అయితే ఏ షాపు అని ప్రశ్నలు. అమ్మ కాదంటున్న కొద్దీ వాళ్ళకి అవుననిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, మధ్యలో నాకూ సరదా పుట్టేసింది. వాళ్ళు పాటలు కూడా పాడారు!

సోమవారం సర్ వీడియో పెట్టారు. నేను వేళ్ళ సందుల్లోంచి చూశాను. తెరమీద నా పెదాలు కదులుతున్నాయి, వినపడేది మాత్రం సంబంధం కబుర్లే. తాంబూలాలు, జాకెట్టు ముక్కలు అనవసరపు ఖర్చు అని చెప్పిన చోటైతే ఒక్క ముక్కా వినపడలేదు. మళ్ళీ ఫెయిల్ అనుకుంటుండగా, ఆ గోలనంతా దాటుకుని ఒక గొంతు గంటకొట్టినట్టు వినపడింది. అది నాదే!

"అత్తా, తాంబూలం తీసుకోకుండా ఎల్లిపోతావేటి? అమ్మా, ఇంకో జాకెట్టు ముక్క ఒట్రా!"

క్లాసంతా గొల్లుమంది. సర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "టాపిక్ మార్చి రాసుకురా. ఇంట్లో పేరంటం చేయడం ఎలా? దానికైతే పాస్ చేస్తాను" అన్నారు.

హమ్మయ్య! ఏడాది గట్టెక్కింది. ఆ సంతోషంలో బ్యాగు తెరిచి, మిగిలిన జాకెట్టు ముక్క, రెండు అరటిపండ్లు తీసి "మేడమ్ గారికి, సర్" అని ఆయన చేతిలో పెట్టాను.

అవి ఇమ్మని అమ్మేమీ చెప్పలేదు. పొద్దున్న నా అంతట నేనే సర్దుకుని తీసుకెళ్ళాను!