మూసిన గదిలో అసీనా

2022లో డబ్లిన్‌కు ఉత్తరాన ఒక నర్సరీలో అల్పైన్ హౌస్ నా చేతికింద ఉండేది. అల్పైన్ హౌస్ అంటే వేడి పెట్టని గాజు ఇల్లు. చలికాలంలోనూ కిటికీలు తెరిచే ఉంచుతాం. అందులో ఉండేవి చలికి కాదు, వెచ్చదనానికి చచ్చే మొక్కలు. కడియంలో అంటుకట్టడం నేర్చిన నాకు ఈ విద్య ఎవరూ చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మొక్కల్ని చంపి చంపి నేర్చుకున్నాను.

శైలజ అనే తెలుగమ్మాయి శనివారాలు మొక్కలు చూడ్డానికి వచ్చేది. డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో అద్దె ఇల్లు, డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకసారి "బాబాయ్, ఎవరూ కొనని మొక్క ఏదైనా ఉంటే ఇవ్వండి" అంది. అసీనా ఇచ్చాను. అంటార్కిటికాకు ఇవతల, చెట్టన్నది లేని దీవుల్లో, గాలికి నేలను కరుచుకుని బతికే చిన్న మొక్క. గులాబీ ఆకుల్లాంటి బుల్లి ఆకులు, గోళీకాయంత ఎర్రటి పూగుత్తులు. పువ్వు ముదిరితే కొక్కేల ముళ్లొస్తాయి. అక్కడ పక్షుల ఈకలకు తగులుకుని దీవి నుంచి దీవికి పోతాయి.

"పువ్వు వాడగానే కత్తిరించెయ్యమ్మా. డెడ్‌హెడింగ్ అంటాం. లేకపోతే విత్తనం బయటపడుతుంది. దీని చుట్టాలు ఇప్పటికే ఇక్కడి సముద్రపు ఇసుకతిన్నెలు ఆక్రమించాయి."

"అయితే మాలాంటిదేనన్నమాట" అని నవ్వింది.

మరుసటి మార్చిలో శైలజ పోయింది. కాన్సరు. పైగదిలో, కిటికీలో ఉన్న ఆ కుండీకి ఎదురుగా, మంచం మీదే పోయింది.

పదో రోజు వెళ్లాను. కుండీ చూద్దామని పైకి పోబోతే ఆమె తల్లి రాజేశ్వరమ్మ మెట్ల మీద అడ్డం నిలబడింది. పోయిన నక్షత్రం ధనిష్ఠా పంచకంలో పడిందట. ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని తెనాలి నుంచి పురోహితుడు ఫోనులో చెప్పాడట. ఈ ఊళ్లో అద్దె ఇల్లు వదిలితే మళ్లీ దొరకదు. సరే, గదికైనా తాళం వేయమన్నాడు. వేశారు.

నాకు ఒళ్లు మండింది. ఈ తాళాలు నాకు కొత్త కాదు. మా మేనత్త పోయినప్పుడు చంటిపిల్లలతో సహా ఆ ఇంటిల్లిపాదీ వానాకాలమంతా పశువుల కొట్టంలో పడుకున్నారు. ఆ పిల్లల జ్వరాలకు మాత్రం ఎవరూ నక్షత్రం చూడలేదు.

"నక్షత్రానికి ఆడమ్స్‌టౌన్ అడ్రసు ఎవరిచ్చారమ్మా?" అని అరిచాను. "లోపల మొక్కుంది. నీళ్లు లేక చస్తుంది. ఒక్క నిమిషం తలుపు తియ్యండి."

ఆవిడ గొంతు పెంచలేదు. "అన్నయ్యగారూ, ఆ గది తెరిస్తే ఇంట్లో ఇంకొకరు పోతారంటున్నారు. నా కూతురు పోయింది. నాకు మిగిలింది ఈ పిల్ల. మీ మొక్క కోసం దీన్ని పణం పెట్టమంటారా?"

మనవరాలు మేఘన, తొమ్మిదేళ్లది, కింది మెట్టు మీద కూచుని ఉంది. నువ్వేమంటావోయ్ అన్నట్టు అల్లుడు రవి వైపు చూశాను. "ఇట్స్ గ్రాండ్, అంకుల్. వదిలేయండి" అన్నాడు తలెత్తకుండా. పర్లేదనడానికి ఇక్కడివాళ్లు గ్రాండ్ అంటారు. ఇంజినీరింగు చదివినవాడు! తిట్టొకటి గొంతుదాకా వచ్చింది. మింగి వచ్చేశాను.

ఆగస్టులో రవి ఫోన్ చేశాడు. ఇంటి ఓనరు చూడ్డానికి వస్తున్నాడు, లీజు ప్రకారం పెరడు శుభ్రంగా ఉండాలి, కాస్త వచ్చి పెట్టమన్నాడు. వెళ్లి గడ్డంతా కోసి, టీ తాగుదామని లోపల కూచున్నాను. మేఘన మేడ దిగి వచ్చి నా పక్కన చేరింది. దాని ఊలు స్వెట్టరుకి ఛాతీ మీదా మోచేతుల మీదా గోధుమరంగు ముళ్లబంతులు.

ఆ పెరడు చివరంటా కోసినవాణ్ణి నేను. అందులో అసీనా లేదు. ఆ ముల్లు ఆ ఇంట్లో ఒక్కచోటే ఉండాలి. పైగా ఎవరో ఒకరు నీళ్లు పోయందే ఇన్ని నెలల తర్వాత ఆ మొక్క పూయదు, కాయ ముదరదు.

"ఏవిటే ఆ ముళ్లు? ఎక్కడ పొర్లావ్?" వంటింట్లోంచి రాజేశ్వరమ్మ వచ్చింది. "అచ్చం మన ఉత్తరేణిలా ఉన్నాయే!"

పిల్ల ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది.

ఎదుటివాడు ఎవడైనా సరే, ఉన్నమాట అనేసే నోరు నాది. ఆ నోటితోనే "పెరట్లోవేనమ్మా" అన్నాను. "గడ్డి కోస్తుంటే నా వెనకాలే తిరిగింది."

"కాస్త ఏరి పెట్టండి అన్నయ్యగారూ. నా కంటికి ఆనవు."

ఆవిడ వెళ్లాక ఒక్కొక్కటే ఏరి చేతిరుమాల్లో వేశాను. ఒక్క గింజ నేల మీద పడనివ్వలేదు. మేఘన తన ఐరిష్ యాస ఇంగ్లీషులో గుసగుసగా చెప్పింది. అమ్మమ్మ కునుకు తీసినప్పుడు వంటింటి అలమరలోంచి తాళంచెవి తీసుకుంటుందట. పళ్లు తోముకునే గ్లాసుతో కుండీకి నీళ్లు పోస్తుందట. అమ్మ చెప్పినట్టే కిటికీ సందు తెరిచి ఉంచుతుందట. తర్వాత అమ్మ దిండు మీద పడుకుంటుందట.

"ఇట్ స్టిల్ స్మెల్స్ ఆఫ్ హర్" అంది. ఇంకా అమ్మ వాసనే వస్తోందని. తర్వాత, నాతో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, "అమ్మమ్మకి చెప్పకు అంకుల్" అంది.

చెప్పలేదు.

సెప్టెంబరులో శాంతి చేయించి గది తెరిచారు. నేను వెళ్లేసరికి గోడలు కడిగేశారు. మేడంతా ఫినాయిలు వాసన. పరుపు, దిండు, దుప్పట్లు ఇంటి ముందున్న చెత్త తొట్టిలో పడున్నాయి. వాటి కింద పగిలిన కుండీ. ఫినాయిలు నీళ్లలో తడిసి అసీనా వేళ్లు నల్లబడ్డాయి. దాన్ని సంచిలో చుట్టి పెట్టుకున్నాను.

"ఇంకేం భయం లేదే తల్లీ, వెళ్లు, చూసుకో" అంటోంది రాజేశ్వరమ్మ. మేఘన గడప దాకా వచ్చి ఒక్కసారి గాలి పీల్చి, వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

ధనిష్ఠా పంచకాన్ని నేనివాళా తిడతాను, రేపూ తిడతాను. కానీ మార్చిలో ఆ మెట్ల మీద నా మాట నెగ్గి ఉంటే, ఆ గదిని మార్చిలోనే కడిగేసేవాళ్లు. నేను విరగ్గొట్టాలనుకున్న తాళమే ఆ పిల్లకు ఇంకొన్నాళ్లు అమ్మను దాచిపెట్టింది. ఇది నాకు మింగుడుపడదు. పడకపోయినా నిజం నిజమే. మూసిన గదిలో మొక్క బతికుందంటే ఎవరో నీళ్లు పోస్తున్నారన్నమాట. ముందు ఆ చెయ్యి ఎవరిదో చూడాలి. తలుపు సంగతి ఆ తర్వాత.