గొంతు లేని లెక్కల క్లాసు

నేను పదో తరగతికి లెక్కలు చెబితే పక్క గదిలోని ఎనిమిదో తరగతి వాళ్లకు కూడా వచ్చేస్తాయని మా బడిలో ఒక మాట ఉండేది. అంత గొంతు నాది. మిరుదొడ్డి వైపున్న ఆ సర్కారు బడికి రోజూ సిద్దిపేట నుంచి బస్సులో వెళ్లేదాన్ని. దిగేసరికే సగం కోపంగా ఉండేదాన్ని. హాజరు ఫోన్లో ఎక్కించాలి, సిగ్నల్ ఉండదు. మధ్యాహ్న భోజనం ఫొటో పంపితే, గుడ్డు సరిగ్గా కనబడలేదని మళ్లీ పంపమంటారు. ఆ కోపమంతా పాపం త్రిభుజాల మీదికి పోయేది.

దసరా సెలవులకు ముందు ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. దవాఖానలో డాక్టరు గొంతు లోపలికి చూసి, "గొంతు తీగల మీద చిన్న గడ్డలు లేసినయి మేడం. ఒక నెల గుసగుస గూడ పెట్టొద్దు. మల్ల క్లాసుల గిట్లనే ఒర్లితే ఆపరేషనే. అయినంక గొంతు ఎట్లుంటదో నేను జెప్పలేను" అన్నాడు.

బస్టాండులో కూర్చుని ఏడ్చాను. గొంతు లేని టీచరుకు ఏదో ఆఫీసులో కుర్చీ వేసి ఫైళ్లు ఇస్తారేమో. అలా కూడా బతకొచ్చు. కానీ నాకు క్లాసు కావాలి. ఎంత విసిగించినా ఆ క్లాసే కావాలి.

ఇంట్లో మా అత్తమ్మ మాత్రం, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. గిప్పుడు మన ఇల్లు గూడ మంచిగైంది బిడ్డా" అంటూ మిరియాల కషాయం పెట్టింది. బదులు చెప్పడానికి గొంతు లేక ఆమె చెయ్యి గిల్లాను.

హెడ్మాస్టరు సెలవు పెట్టమన్నారు. నా బదులు లెక్కలు చెప్పేవాళ్లు లేరు. అందుకని ఒక పలక కొనుక్కుని బడికి పోయాను. మొదట్లో కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. బోర్డు వైపు తిరిగితే వెనక గోల. గోల వైపు తిరిగితే అరవలేను. డస్టర్‌తో బల్ల మీద కొడితే ఆ పొడంతా నా ముఖానికే.

సెలవులిచ్చే రోజు ఆడపిల్లలు బడి ఆవరణలో బతుకమ్మ ఆడారు. నేనూ వాళ్లతో తిరిగాను కానీ చప్పట్లు మాత్రమే కొట్టాను. ముందు పాడుతున్న పిల్లకు ఆయాసం వస్తే పక్కపిల్ల అందుకుంది. ఆమె అలసిపోతే ఇంకొకతె. పాట మాత్రం ఆగలేదు. చిన్నప్పటి నుంచీ ఆడుతున్నా ఈ సంగతి నా కంట పడలేదు. ఎప్పుడూ నేనే ముందు పాడేదాన్ని మరి.

సెలవులయ్యాక చాక్‌పీసు ముందు బెంచీ అమ్మాయి చేతిలో పెట్టి పలక మీద రాశాను: "సూత్రాలు బతుకమ్మ పాట తీరుగ చెప్పు. నువ్వు ఆగితే నీ పక్కామె." ఆ పిల్ల సిగ్గుపడుతూ, "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్" అంది. అందరూ మళ్లీ అన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో బతుకమ్మ పాటలోలాగే చివర "ఉయ్యాలో" అని కలిపారు. అంతే, క్లాసంతా చప్పట్లు.

హెడ్మాస్టరు పరుగున వచ్చారు. "ఏంది మేడం గిది? ఇంక పండుగ అయిపోలేదా?"

"లెక్కల క్లాసు" అని రాసి పలక ఎత్తి చూపించాను. ఆయన కాసేపు నిలబడి విన్నారు. వెళ్తూ వెళ్తూ తలుపు మీద వేళ్లతో దరువు వేయడం నేను చూశాను.

ఒకరు తప్పు చెబితే ఇంకొకరు ఆపేవారు. నేను కుర్చీలో కూర్చుని వాళ్ల ముఖాలు చూసేదాన్ని. ఎవరు నిజంగా చెబుతున్నారో, ఎవరు ఉత్తగా పెదవులు కదుపుతున్నారో అప్పుడే తెలిసింది. హాజరు ఎక్కకపోతే చాయ్ తాగి మళ్లీ నొక్కేదాన్ని. ఇంత హాయిలోనూ ఒక బెంగ మాత్రం ఉండేది. నేను నోరు విప్పకుండానే అంతా నడిచిపోతోంది, ఇక నాతో వీళ్లకేం పని?

నెల తర్వాత డాక్టరు గడ్డలు కరిగాయన్నాడు, మెల్లగా మాట్లాడమన్నాడు. ఆ సంబరంలో మర్నాడు క్లాసులో అడుగు పెడుతూనే, "బుక్కులు తీయండ్రా!" అని పాత గొంతుతో ఒక్క కేక పెట్టాను.

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. "జర మెల్లగ మేడం. మల్ల మీ గొంతు వోతే మాకెట్ల? మీ తిట్లు లేక నెల నుంచి మాకేం తోస్తలేదు."

"అవు మేడం" అన్నారందరూ.

కళ్లు మసకబారాయి. బోర్డు వైపు తిరిగి, నాకే వినబడీ వినబడనంత మెల్లగా అన్నాను: "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్."

"ఉయ్యాలో" అంది క్లాసు.